సముద్రం పక్కకు పొమ్మన్నారు

మాది పలమనేరు. 680 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, ఎండాకాలం హాయి. చలి మొదలైతే మాత్రం నాకు ఉబ్బసం లేస్తుంది. "ఇక్కడుంటే ఇంతేనమ్మా, వెచ్చగా సముద్రం పక్కకు పోండి" అన్నాడొక డాక్టరు, చీటీ మీద నుంచి తలైనా ఎత్తకుండా. ఆ మాట పట్టుకుని మా ఆడబిడ్డ మా ఇంటికి బేరగాళ్లను కూడా పిలుచుకొచ్చింది.

ఇల్లు అమ్మలేదు, అది మా అదృష్టం. అక్టోబరులో సూళ్లూరుపేటలో బాడుగకు దిగాం. 2022లో జిల్లాలు విడదీసినాక అది తిరుపతి జిల్లాలోదే, తిరుపతిలో ఉన్న కూతురికీ దగ్గర. రాత్రిళ్లు వెచ్చగా ఉన్న మాట నిజం. సముద్రం దగ్గర పగటికీ రాత్రికీ పెద్ద తేడా ఉండదు. కానీ మేం చలి ఒక్కటే చూసుకున్నాం, తేమ సంగతి మరిచిపోయాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి అసలు వానలు. గోడలు చెమ్మ, బీరువాలో నా పెళ్లి చీరకు బూజు. ఆ బూజూ, తేమకు పరుపుల్లో పెరిగే కంటికి కనపడని పురుగులూ ఉబ్బసాన్ని లేపుతాయని మాకెవరూ చెప్పలేదు. ఇరవై రోజులకే ఛాతీలో పిల్లికూతలు. వెనక్కొచ్చేశాం.

జనవరిలో ఒక రాత్రి రెండు గంటలకు మెలకువొచ్చింది. మాట రావడం లేదు. ఇన్‌హేలర్ నొక్కితే ఉత్త గాలి. చిత్తూరుకు నలభై కిలోమీటర్లు. మొగిలి ఘాట్‌లో మంచు, ముందు పోయే లారీ ఎర్రదీపాలు తప్ప ఏమీ కనపడలేదు. అద్దం దించుకుని గాలికి నోరు తెరిచాను, ఆ చల్లగాలికి ఇంకా బిగుసుకుంది. లోపలి లైటు వెలుతురులో నా గోర్లు నీలంగా ఉన్నాయి. మా ఆయన వాటిని చూసి ఏమీ అనలేదు, బండి వేగం పెంచారు. మొగిలీశ్వరుడి గుడి దాటేటప్పుడు "బిడ్డ పెళ్లి చూసేదాకా ఉంచు సామీ" అని మొక్కుకున్నాను.

ఆక్సిజన్, నెబులైజర్, సూదులు, మూడు రోజులు. లేచి కూర్చున్నాక ఒక సిస్టరమ్మ అడిగింది: "ఏదమ్మా, మీరెట్ల పీలుస్తారో చూపించండి." పదకొండేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు! మందంతా నాలుకకే కొట్టుకుంటున్నానంట. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి మెల్లగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టడం, తర్వాత నోరు పుక్కిలించడం నేర్పింది. ఆయాసం లేని రోజు కూడా వాడాల్సిన మందు వేరే ఉంటుందని అప్పుడే తెలిసింది. ఇల్లూ ఊరూ వదిలిపొమ్మన్న ఆ డాక్టరుకు ఈ రెండు నిమిషాలు లేకపోయాయా? ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ సిస్టరమ్మ మాత్రం చల్లగా ఉండాల.

గాలి మారాలని ఊరు మారేవాళ్లు, ఆ ఊరికి చెడ్డ నెల ఏదో కనుక్కుని అప్పుడు పోయి నెలరోజులు ఉండి చూడండి. అప్పటిదాకా ఉన్న ఇల్లు అమ్మకండి. మేమైతే ఈ ఏడు వానలు పోయినాకే, జనవరి చివర్లో, మళ్లీ సూళ్లూరుపేట పోయాం. ఈసారి ఎండ బాగా తగిలే మేడమీద గది.

మొన్న సాయంత్రం శ్రీహరికోట రోడ్డు మీద, పులికాట్ నీళ్లలో ఫ్లెమింగోలను చూస్తూ, ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. పద్నాలుగు దాకా పోయింది. చెబుదామని పక్కకు తిరిగితే, మా ఆయన కొంగలను కాదు, నా గోర్లను చూస్తున్నారు.