పాడేరు ఏజెన్సీలో గెడ్డ మీద చిన్న టర్బైన్ పెట్టించాం: నా అనుభవం

పికో హైడ్రో అంటే పారే నీళ్లతో 5 కిలోవాట్ల లోపు కరెంటు తీయడం. గెడ్డకు, అంటే కొండవాగుకు, చిన్న అడ్డుకట్ట, పైపు, కింద షెడ్డులో టర్బైన్, అంతే. ఇంజనీరింగ్ పెద్ద కష్టం కాదు, అసలు టెన్షనంతా గ్రామసభ దగ్గరే.

అడవి భూమి కాబట్టి అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) కింద వెళ్లాం. హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకూడదు, గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. చాలామంది దీన్ని సంతకాల కాగితం కిందే చూస్తారు, నాకది నచ్చదు.

మొదటి మీటింగులో బల్బులు, టీవీలు, ఫోన్ చార్జింగ్ అని మావాళ్లు ఎంత చెప్పినా ఎవరూ పలకలేదు. చివర్లో ఒక ముసలమ్మ వాళ్ల కువి భాషలో ఏదో అడిగితే పక్కనున్న కుర్రాడు తెలుగులో చెప్పాడు: "నీళ్లు పైపులోకి పోతే మా మడులకేటి సార్?"

సర్వే వాళ్ల మ్యాపులో పైపు మొదలయ్యే చోటికీ షెడ్డుకీ మధ్య 30 మీటర్ల ఎత్తు తేడా ఉంది, కానీ సరిగ్గా ఆ మధ్యలోనే మడులకు నీళ్లు తీసుకెళ్లే కాలువ ఉంది, మ్యాపులో అది లేనే లేదు, పైపులోకి పోయిన నీళ్లేమో షెడ్డు దాటాకే మళ్లీ గెడ్డలో కలుస్తాయి. ఊరివాళ్లతో గెడ్డ వెంట నడిచాం. నీళ్లు కూడా వాళ్లే కొలిచారు, 200 లీటర్ల డ్రమ్ము పది సెకన్లలో నిండితే సెకనుకు 20 లీటర్లు. అడ్డుకట్టను కాలువ కిందికి దించితే ఎత్తు 22 మీటర్లకు తగ్గింది, కరెంటు మూడున్నర కిలోవాట్ల నుంచి 2.6కి పడింది. డబ్బులిచ్చేవాళ్లు మొహం మాడ్చుకున్నారు. పోయింది 900 వాట్లు, అంటే 9 వాట్ల బల్బులు వంద. ఆ ఊళ్లో అన్ని ఇళ్లే లేవు!

నెలకు ఇంటికింత అని చందా తొందరగానే తేలింది, లెక్కలు మహిళా సంఘానికి అప్పజెప్పారు. వానాకాలం అర్ధరాత్రి పైపు మూతి దగ్గరి జాలీకి అడ్డుపడ్డ ఆకులు ఎవరు తీస్తారన్నదే తెగలేదు, చివరికి ఇద్దరు కుర్రాళ్లకు జీతం పెట్టారు. వాడని కరెంటు హీటరుకు పోయి నీళ్లు కాగుతాయంటే, ఆ వేడినీళ్లు స్నానానికివ్వమని ఒకాయన పట్టుబట్టాడు, నవ్వులే నవ్వులు.

తీర్మానంలో వాళ్లే ఒక షరతు రాయించారు: నాట్లప్పుడు ముందు కాలువకు, మిగిలితేనే టర్బైనుకు. మొన్న నాట్లకు వాల్వు కట్టేసి మాకు ఫోన్ చేశారు, అడగడానికి కాదు, చెప్పడానికి.