బ్యాటరీ పోయింది, కొత్తది పెట్టాక మొదలైంది అసలు తలనొప్పి

బ్యాటరీ ఎత్తుకెళ్లేవాడికి స్పానర్‌తో తీరిగ్గా విప్పే ఓపిక ఉండదు, కేబుళ్లు కోసేసి లాక్కుపోతాడు, నా కారుకీ అదే గతి పట్టింది. కొత్త బ్యాటరీ పెట్టించా, టెర్మినళ్లు మార్పించా, లైట్లు వెలిగాయి. స్టార్ట్ చేయబోతే మాత్రం టక్ టక్‌మని చప్పుడు, డాష్‌బోర్డ్ మొత్తం డిమ్!

కొత్త బ్యాటరీయే పాడైందని మెకానిక్ తేల్చేశాడు. నాకు నమ్మకం కుదరక మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) పెట్టి చూస్తే 12.6 వోల్టులు, అంటే ఫుల్ ఛార్జ్. అప్పుడు మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది ఇంజన్ లోహానికి పెట్టి స్టార్టర్ (ఇంజన్‌ని తిప్పే మోటారు) తిప్పమన్నా. అర వోల్టు లోపే చూపించాల్సింది రెండు వోల్టులు దాటింది, అంటే ఆ దారిలో కరెంటుకి ఎక్కడో అడ్డు ఉందన్నమాట. దొంగ లాగిన లాగుడికి బాడీ దగ్గర ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నెగెటివ్‌ని కారు బాడీకి కలిపేది) వదులైపోయింది, దాని కింద తుప్పు కూడా. గీకి బిగించగానే ఒక్క దెబ్బకి స్టార్ట్. ఇంజన్ నడుస్తుండగా 14.2 వోల్టులు వచ్చింది, కాబట్టి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ క్షేమం.

తర్వాత పవర్ విండో ఆటోమేటిక్‌గా ఎక్కడం మానేసింది, అది రిపేరు కాదు, కరెంటు పోతే కొన్ని కార్లలో సెట్టింగ్ చెరిగిపోతుందంతే. అద్దం పూర్తిగా పైకి ఎక్కించి స్విచ్ కొన్ని క్షణాలు అలాగే పట్టుకుంటే చాలా కార్లలో సరిపోతుంది, లేదంటే మాన్యువల్ చూడండి. అన్నట్టు, కేబుళ్లు తగిలించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర్న.