ఏప్రిల్ తులిప్, ఆగస్టు బంతి: నా పూలబొమ్మ ఎంతవరకు వచ్చిందంటే

అక్టోబర్

ఇది మా అమ్మ పెట్టిన చిచ్చు. 1600ల నాటి డచ్ పూలబొమ్మల ఫొటోలు కొన్ని వాట్సాప్‌లో పంపాను. ఒకదాంట్లో తులిప్ పక్కన బంతిపువ్వు చూసి, "మీ దగ్గర ఈ రెండూ ఒకేసారి పూస్తాయేంట్రా?" అంది. పూయవు. నెదర్లాండ్స్‌లో తులిప్ ఏప్రిల్, మేలో అయిపోతుంది. మెక్సికో నుంచి వచ్చిన బంతి ఇక్కడ ఎండలు ముదిరితే గానీ పూయదు. మరి ఎలా వేశారు? పూసినప్పుడల్లా ఒక్కో పువ్వుకి స్కెచ్ వేసి దాచుకుని, తర్వాత అన్నీ ఒకే గుత్తిలో పెట్టేవారు. నేనూ అలాగే ఒకటి వేద్దామనుకున్నాను.

30 సెం.మీ. కుండీలో 10 తులిప్ గడ్డలు, 15 సెం.మీ. లోతున, మొన పైకి ఉండేలా పెట్టాను. కుండీ అడుగున చిల్లులు తప్పనిసరి. నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లిపోతుంది.

జనవరి

బాల్కనీలో పనేం లేదు, చదువే. సామ్ సెగల్ (1933–2018) నాకు బాగా నచ్చాడు. డచ్ జీవశాస్త్రవేత్త. 1969లో గోడల మీద మొలిచే మొక్కల గురించి పుస్తకం వేశాడు (మన పాత గోడల్లో రావిమొక్కలు గుర్తొచ్చాయి). తర్వాత చిత్రాల్లో పూల మీదికి మళ్లి కళాచరిత్రకారుడయ్యాడు. క్లారా ఆలెన్ అనే కళాచరిత్రకారిణితో కలిసి పూలబొమ్మల మీద రాసిన రెండు సంపుటాల పుస్తకం ఆయన పోయాక, 2020లో వచ్చింది. మొక్కలు తెలిసినవాడు బొమ్మ చూడటం వేరు. మనం పువ్వు చూస్తాం, ఆయన ఆకు కూడా చూస్తాడు.

అందుకే నా నోట్‌బుక్‌లో మూడు గడులు గీశాను: రేకులెన్ని, ఆకు ఆ పువ్వుదేనా, ఏ నెలలో పూస్తుంది. మ్యూజియం సైట్లలో ఫొటోలు పెద్దవి చేసుకుని నింపుతున్నాను. మొదట్లో కొన్ని ఆకులు నీలంగా కనిపిస్తే వేరే మొక్క అని రాసేశాను. తీరా చూస్తే అది రంగు సంగతి. నీలం మీద పూసిన పసుపు వందల ఏళ్లకి వెలిసిపోయి, నీలం మిగిలింది. 11 ఎంట్రీలు కొట్టేశాను.

ఏప్రిల్

పది తులిప్ గడ్డల్లో ఏడు పూశాయి. ఒకటి కోసి సీసాలో పెట్టి, గీతలు వేసి, భోజనానికి లేచాను. వచ్చేసరికి పువ్వు పూర్తిగా విచ్చుకుని కిటికీ వైపు వంగిపోయింది! వెచ్చదనానికి తులిప్ తెరుచుకుంటుంది, కోశాక కూడా కాడ పెరుగుతుంది. రెండోదాన్ని చల్లని బాత్రూంలో పెట్టి, అక్కడే స్టూల్ వేసుకుని 40 నిమిషాల్లో ముగించాను. మందపాటి కాగితం (300 జీఎస్ఎం), గౌష్ రంగులు, అంటే కింది కాగితం కనపడనివ్వని చిక్కటి నీటిరంగులు.

బంతి విత్తనాలు కూడా ఇప్పుడే, ఇంట్లో కిటికీ దగ్గర వేశాను.

మే

పాత బొమ్మల్లోని మంట చారల తులిప్ కోసం లిమ్మెన్‌లోని హోర్టుస్ బుల్బోరుమ్ తోటకి వెళ్లాను. పాత రకాలు కాపాడే చోటు. ఆ చారలు ఒక వైరస్ పని, దాన్ని మోసేది పేనుబంక. రోగానికి ఇంత అందమా! దుకాణాల్లో దొరికే చారలవి వైరస్ లేని రకాలు. చారలు ఉన్నాయి గానీ ఆ సన్నని పోగులు లేవు.

ఆగస్టు

బంతి పూసింది. స్కెచ్ బాగానే వచ్చింది. తులిప్ పక్కన పెడితే మాత్రం బంతే పెద్దది. ఏప్రిల్‌లో కొలతలు రాసుకోలేదు, నా తప్పే. ఇకనుంచి ప్రతి పువ్వు పక్కన అడ్డం, పొడవు మిల్లీమీటర్లలో రాస్తాను.

ఫొటో అమ్మకి పంపాను. "బంతి అచ్చం మన పెరట్లోదే. దాని పక్కన ఉల్లికాడలేంట్రా?"