ఫోన్‌ల తెలుగు వికీపీడియా

మా నల్గొండల పిల్లలు పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గురించి ఫోన్‌ల వెతికితే ఎక్కువగా వికీపీడియా ఇంగ్లీషు పేజీనే ముందొస్తది, రెండు లైన్లు చదివి మూసేస్తరు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లనే మొదలైందంటే చాలామందికి తెల్వదు! పేజీ పేరు కిందనే భాషల గుర్తు ఉంటది, అది నొక్కి తెలుగు ఎంచుకుంటే సరిపోతది, కానీ గంత చిన్న గుర్తు కొత్తగా ఫోన్ పట్టినోళ్లకు ఎట్ల కనపడ్తది చెప్పండి, తెలుగులో చదవండి అని పెద్దగ రాసుండాలె కదా. వికీపీడియా యాప్‌ల అయితే సెట్టింగ్స్‌ల తెలుగును మొదటి భాషగ పెట్టుకోవచ్చు, నాకైతే అదే మంచిగనిపించింది. ఇంకోటి, పెన్సిల్ గుర్తు నొక్కి ఫోన్‌లనే రాయొచ్చు కూడ. పాలమూరోళ్లు పిల్లలమర్రి గురించి, మిగిలినోళ్లు మీ ఊరి చెరువు గురించి నాలుగు లైన్లు రాయండి, ఆధారం, అంటే ఆ సంగతి ఏ పుస్తకంల, ఏ పేపర్ల ఉందో మాత్రం తప్పకుండ పెట్టండి, లేకపోతే తీసేస్తరు.