నగరిలో మా బావ చూపించిన రంగునీళ్ళు

నేను తిరుపతిలో ఇళ్ళకి వాటర్ ఫిల్టర్లు బిగించి సర్వీసు చేస్తుంటా. క్యాండిల్ మార్చడం, మెంబ్రేన్ మార్చడం, టీడీఎస్ పెన్ను (నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చెప్పేది) ముంచి నంబరు చూపించి ఓనరమ్మని భయపెట్టడం, అంతే నా పని. మా మేనత్త కొడుకు నగరిలో ఒక డైయింగ్ మిల్లులో ఈటీపీ ఆపరేటరు, అంటే నూలుకి రంగులేసిన మురికినీళ్ళని శుభ్రం చేసే ప్లాంటు చూసుకుంటాడు. పెళ్ళిళ్ళలో ఎప్పుడు కనపడినా "నీది పిల్లలాటరా బామ్మర్దీ, ఒకసారి మా ప్లాంటు చూద్దువు రా" అనేవాడు. పోయిన నెలలో ఒక శనివారం పనులేం లేకపోతే బండి తీసేసినాను.

రేణిగుంట, వడమాలపేట దాటేదాకా ఎండ తెలీలేదు. పుత్తూరులో టీ తాగతా ఉంటే పక్కన ఒకాయన చేతికి గుడ్డ చుట్టుకుని కట్టు కట్టించుకోడానికి దారి అడగతా ఉన్నాడు, పుత్తూరు అంటే జనానికి అదే కదా. అక్కడి నుంచి నగరి దాకా కొండలు కుడిపక్కా ఎడంపక్కా వస్తానే ఉంటాయి. ఊర్లోకి దిగితే మరమగ్గాల మోత. మా అత్తా వాళ్ళ వీధిలో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే, వాళ్ళకి అలవాటైపోయి ఫోన్లో కూడా అట్లనే అరుస్తారు. సగం తెలుగు, సగం తమిళం.

ఇడ్లీలు తినేసి మిల్లుకి పోయినాం. బావ మొదట చూపించింది బోరు నీళ్ళ సాఫ్ట్‌నర్, నీళ్ళలో కఠినం తీసేసేది. ఇది మాత్రం నాకు తెలిసిన సరుకే, రెజిన్ నింపిన ట్యాంకు, ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ పనికొస్తుంది. "కఠినం నీళ్ళతో రంగేస్తే నూలు మచ్చలు మచ్చలుగా వస్తాది, లాటు మొత్తం పోయినట్టే" అన్నాడు. సరే ఇంతేగా అనుకున్నా.

రంగేసే మిషన్ దగ్గరికి పోయినాక అర్థమైంది కథ అసలు ఇక్కడుంది అని. రియాక్టివ్ రంగులు పత్తి నూలుకి ఊరికే పట్టవంట, నీళ్ళలో ఉప్పు బాగా పోస్తేనే రంగు నూలు వైపు పోతాది, ముదురు రంగైతే లీటరుకి 60, 80 గ్రాములు కూడా పడతాది, తర్వాత సోడా యాష్ వేసి 60 డిగ్రీల వేడిలో పెడితే రంగు దారానికి అతుక్కుంటుంది. ఇక్కడ రెండు చిక్కులు. కొంత రంగు దారాన్ని పట్టుకోకుండా నీళ్ళతోనే కలిసి చెడిపోతాది, అది ఇంక ఎప్పటికీ అతుక్కోదు, దాన్ని వదిలించడానికి వేడి సబ్బునీళ్ళతో ఒకటికి నాలుగుసార్లు కడగాలి. రెండోది ఉప్పు. రంగైనా దారం మీద కొంత మిగుల్తాది, ఉప్పు చిటికెడు కూడా మిగలదు, పోసిందంతా కాలవలోకే. నూలు కొనేవాడికి ఉప్పు కనపడదు, కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు.

ప్లాంటు మిల్లు వెనకాల. మొదటి ట్యాంకులో అన్ని మిషన్ల నీళ్ళు కలుస్తాయి, ఎర్రవి, నీలివి, నల్లవి, కింద నుంచి గాలి కొట్టి కలుపుతానే ఉంటారు, ఏ రంగులు వచ్చినా చివరికి కుళ్ళిన నేరేడుపండు రంగే. వేడి, ఆవిరి, ఒక రకం వాసన. నా పెన్ను ముంచితే 6000 దాటింది. మా తిరుపతిలో 700 చూపిస్తేనే జనం గుండె మీద చెయ్యేసుకుంటారు.

తర్వాత సున్నం, అన్నభేది కలుపుతారు. అన్నభేది అంటే మా నాయనమ్మ చెప్పే మందు అనుకున్నా, ఫెర్రస్ సల్ఫేటే అంట. రంగు గడ్డలు కట్టి అడుక్కి దిగిపోతాది, పైన నీళ్ళు కొంచెం టీ రంగులో తేలతాయి. ఆ అడుగు బురదని ఫిల్టర్ ప్రెస్సులో పిండి ఎండబెట్టి మూటలు కడతారు, దాన్ని ఎక్కడంటే అక్కడ పారేయకూడదు, ప్రమాదకర వ్యర్థం కింద లెక్క.

అసలు బావకి ప్రాణం ఏరేషన్ ట్యాంకు, అంటే గాలి కొట్టి సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకు. సూక్ష్మజీవులు ఆ నీళ్ళలో మిగిలిన చెత్తని తినేస్తాయి. ఒక లీటరు కొలజార్లో ఆ నీళ్ళు పట్టి అరగంట కదలకుండా పెట్టినాడు, కింద గోధుమరంగు మడ్డి దిగింది, పైన తేట. ఆ మడ్డే సూక్ష్మజీవులు, 300 గీత దగ్గర ఆగితే అవి బాగున్నట్టు, అప్పుడు బావ మొహంలో కళ చూడాలి. "ఇవి మన పశువుల్లాంటివిరా, మిల్లు మూసినా మేత ఆగకూడదు" అంటాడు. సంక్రాంతికి నాలుగు రోజులు మిల్లు ఆగితే పొద్దున్నే పోయి ట్యాంకులో బెల్లం కరిగించి పోసినాడంట, మా అత్త ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది, ఇంట్లో అరిసెలకి బెల్లం తెమ్మంటే తేలేదు, పురుగులకి మాత్రం మోసుకుపోయినాడు అని.

ఆ తర్వాత ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, అల్ట్రా ఫిల్ట్రేషన్, చివరికి ఆర్‌వో. నాకు ఛాతీ కొంచెం ఉబ్బింది, ఇది మన ఏరియా కదా. ఇంట్లో పెట్టే మెంబ్రేన్ చెయ్యంత ఉంటుంది, అక్కడ 8 అంగుళాల లావు, 40 అంగుళాల పొడుగు, గొట్టానికి ఆరు చొప్పున వరసలు. బయటకొచ్చే నీళ్ళు అద్దంలాగా ఉన్నాయి, పెన్ను 140 చూపించింది, అవి మళ్ళీ రంగేయడానికే పోతాయి. బాగానే ఉందే అన్నాను. "ఇప్పుడు రిజెక్టులో ముంచు" అన్నాడు, అంటే మెంబ్రేన్ పక్కకి తోసేసిన ఉప్పునీళ్ళలో. పెన్ను నంబరు చూపించడం మానేసింది, దాని లెక్క 9990 దగ్గర అయిపోతాది.

అక్కడ నిలబడి నాకు మా పని గుర్తొచ్చింది. ఇంటి మిషన్లో ఒక లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు సన్న పైపులో సింకులోకి వదిలేస్తాం. ఉప్పు ఎక్కడికీ పోలేదు, పక్కకి జరిగింది అంతే. ఇన్నేళ్ళు శుభ్రం చేస్తున్నా అనుకున్నా.

మిల్లులో ఆ రిజెక్టుని ఎవాపరేటర్లో పెట్టి మరిగిస్తారు, మొదటి గది ఆవిరితో రెండో గది, దాని ఆవిరితో మూడోది, వాక్యూం ఉంటుంది కాబట్టి తక్కువ వేడికే మరుగుతాది. అయినా బాయిలరుకి కట్టెల ఖర్చు చూస్తే ఓనరుకి నిద్ర పట్టదు. చివరికి ఉప్పు. మంచిది వస్తే మళ్ళీ రంగుకి వాడతారు, అన్నీ కలిసిన ఉప్పు మాత్రం ఎవరూ తీసుకోరు, షెడ్డులో మూటలు పైకప్పు దాకా ఉన్నాయి. చుక్క నీళ్ళు బయటికి వదలకపోవడం అంటే ఇదీ, ఆ మూటలతో సహా.

బావ ఈ పని నేర్చుకున్నది తిరుప్పూరులో. 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు అక్కడి డైయింగ్ యూనిట్లు, 700కి పైనే, మూసేయమన్నప్పుడు అక్కడే హెల్పరు, ఒక్క పూటలో పని పోయింది. ఆ యూనిట్ల రంగునీళ్ళు కలిసిన నొయ్యల్ నది, దాని మీద ఒరత్తుపాళయం డ్యాము, రైతులు ఆ నీళ్ళు వద్దు మొర్రో అన్న సంగతి అన్నం తింటా చెప్పినాడు. రాగి సంగటి, నాటుకోడి పులుసు. ఆ మాటలకి ముద్ద దిగలేదు అని రాస్తే అబద్ధం, రెండుసార్లు వేయించుకున్నా.

సాయంత్రం కుశస్థలి నది దగ్గరికి పోయినాం. ఇసుక, ముళ్ళకంప, మధ్యలో సన్నగా పారే కాలవ, ఒక చోట నురగ కట్టి ఊదారంగు గీత. ఎవరిదో చెప్పలేం, చిన్న యూనిట్లకి ఈ ప్లాంటు ఖర్చు మోసే స్థోమత ఎక్కడిది, అట్లని రాత్రిపూట వదిలేస్తే ఊరుకోవాలా, ఈ రెండు మాటలూ బావే అన్నాడు. ఈ నది తమిళనాడులోకి పోయి చెన్నై తాగే పూండి రిజర్వాయరు వైపే పోతాది. తమాషా ఏందంటే కండలేరు నుంచి తెలుగుగంగ కాలవలో కృష్ణా నీళ్ళు కూడా మనం పంపించేది ఆ పూండికే.

వచ్చేటప్పుడు అత్త ఒక ముదురు నీలం టవల్ ఇచ్చింది. సోమవారం మా అమ్మ అరుపులు, దాన్ని బకెట్లో వేస్తే నీళ్ళన్నీ నీలం, తన తెల్ల జాకెట్టు కూడా. కడుగుడు తగ్గించినారు, ఒక వాష్ మిగిలించుకున్నారు ఎవరో. బావకి ఫోన్ చేసి చెప్పినా.

"ఆ లాటు మాది కాదురా" అని మగ్గాల మోతలో గట్టిగా అరిచినాడు. అమ్మ అప్పటికే బకెట్టు కాలవలో కుమ్మరించేసింది.