వెనకాల గొట్టం చూశావా?

బయట మంచు ఈడ్చి కొడుతుంటే కారు స్టార్ట్ చేసి, హీటర్ పెట్టుకుని లోపల కూర్చుంటారు. పక్కింటి పెద్దాయన వచ్చి అద్దం మీద దబదబా బాది, "ముందు కిందికి దిగు, వెనకాల గొట్టం చూశావా?" అని కసురుతాడు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో లాంటి ఊళ్లలో మొదటి చలికాలం గడిపే మనవాళ్లకి ఇలాంటి చీవాట్లు మామూలే. ఒళ్లు మండుతుంది మరి. హుద్‌హుద్ చూసినవాళ్లం, దివిసీమ ఉప్పెన గురించి వింటూ పెరిగినవాళ్లం, మనకా తుఫాను పాఠాలు?

కానీ ఆయన అడిగింది తుఫాను గురించి కాదు. సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోతే పొగకి బయటికి దారుండదు, కింద నుంచి కారులోకే చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, దగ్గు రాదు. తలనొప్పి, వికారం, ఆ తర్వాత మగత. వెచ్చగా ఉంది కదా, అందుకే కునుకు పడుతోందనుకుంటాం. అందుకని ఇంజన్ ఆన్ చేసే ముందే గొట్టం చుట్టూ తవ్వాలి. దారిలో ఇరుక్కుంటే గంటకి పది నిమిషాలే ఇంజన్ నడపాలి, అదీ గాలి కొట్టని వైపు అద్దం కాస్త దించి. గాలి మంచుని మళ్లీ మళ్లీ తెచ్చి పోస్తుంది కాబట్టి ఆన్ చేసిన ప్రతిసారీ దిగి గొట్టం చూడాల్సిందే. యాంటెన్నాకి ఎర్రగుడ్డ ఏదైనా కట్టండి, పాత చున్నీ అయినా ఫరవాలేదు. కారు వదిలి మాత్రం నడవకండి. ఎదురుగా ఇల్లు కనిపించిందని బయల్దేరితే పది అడుగుల్లో ఇల్లూ మాయం, వెనక్కి చూస్తే కారూ మాయం.

అసలు బ్లిజార్డ్, అంటే మంచు తుఫాను, వార్నింగ్‌కీ, ఎన్ని అంగుళాల మంచు పడుతుందన్న లెక్కకీ సంబంధం లేదు. గంటకి 35 మైళ్లు, ఆపై గాలి. పావు మైలు కూడా ఆనని చూపు. ఇది కనీసం 3 గంటలు. అంతే. కొత్తగా చిటికెడు మంచు పడకపోయినా, నేల మీదున్నదే లేచి కళ్లు కప్పేస్తుంది. మన పోర్టుల్లో ప్రమాద సూచికలు ఒక్కో నంబరూ పెరుగుతాయి, మనకూ ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడ వాచ్ (రావచ్చు అనే ముందస్తు హెచ్చరిక) అన్నప్పుడే సరుకులు తెచ్చుకోవాలి. వార్నింగ్ వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉండాలి. బియ్యం, పప్పు నిండుగా ఉన్నాయని ధీమా పడొద్దు. ఎలక్ట్రిక్ పొయ్యి ఇంట్లో కరెంటు పోతే అవి పచ్చి గింజలే. అటుకులు, బ్రెడ్, చేసిపెట్టుకున్న చపాతీలు, మనిషికి రోజుకో గ్యాలన్ నీళ్లు ఉంచుకోండి.

డ్యూటీ సంగతే తలనొప్పి. 2022 డిసెంబర్ 23న బఫెలోలో బళ్లు తిప్పకూడదన్న ఆంక్ష ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చింది. అప్పటికే పనికి వెళ్లినవాళ్లు వెళ్లిపోయారు. ఆ తుఫానులో ఆ చుట్టుపక్కల 40 మందికి పైగా పోయారు. కొన్ని చోట్లకి అంబులెన్సులు కూడా కదల్లేకపోయాయి. గ్యాస్ స్టేషన్‌లో (పెట్రోల్ బంకులో) గంటల లెక్కన చేసే కుర్రాడు "రాలేను" అనడానికి ఎందుకు జంకుతాడో మనందరికీ తెలుసు. పొద్దున దాకా ఆగకుండా ముందురోజు రాత్రే మెసేజ్ పెట్టేయమనండి, రాతలో ఉంటుంది.

ఇంట్లో మన అలవాట్లే కొన్ని ఎదురు తిరుగుతాయి. కుంపటి, బొగ్గుల గ్రిల్, గ్యాస్ పొయ్యి వెలిగించి గది వేడి చేసుకోకూడదు, మళ్లీ అదే విషవాయువు. జనరేటర్ ఇంటికి 20 అడుగుల దూరంలో ఉండాలి, గరాజ్‌లో కాదు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా సింకు కింద తలుపులు తెరిచి, పంపుని సన్నగా కారనివ్వండి. నీళ్లు కట్టేసే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి, పైపు పగిలాక వెతికే టైం ఉండదు. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే నూనె రాసి రుద్దడం మన చేతికి తోచే మొదటి పని. రుద్దొద్దు, గడ్డకట్టిన కణాలు చితికిపోతాయి. గోరువెచ్చటి నీళ్లలో ముంచండి, వెంటనే డాక్టరుకి చూపించండి.

గాలి ఆగాక బయటికొచ్చి పలకరించుకోవడం మనకి అలవాటు. ఇక్కడ అప్పుడే గుండెపోట్లు. తడిమంచు బరువు ఎత్తితేగానీ తెలియదు. పారతో ఎత్తిపోయకుండా నెట్టండి, కొంచెం కొంచెంగా, మధ్యలో ఆగుతూ. ముందుగా పక్క గోడకుండే ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే యంత్రం) తెల్ల గొట్టాల చుట్టూ తవ్వండి. అవి మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోతుంది, లేదా పొగ లోపలికి తంతుంది. అటు నుంచి అటే పెద్దాయన గోడ వైపూ వెళ్లండి. ఆ వయసులో ఆయన పార పట్టకూడదు. కాఫీకి పిలుస్తాడు, గొట్టం పాఠం మళ్లీ మొదట్నుంచీ చెప్తాడు.