మిరియానికీ కర్రకూ మధ్య

పోయిన కార్తీకమాసంలో ఒక రోజు, వీధి దీపాలు ఇంకా ఆరకముందే, మా కుక్క మిరియాన్ని తీసుకుని మల్కాజిగిరిలో మా ఇంటి వెనక సందులోకి వెళ్ళాను. ఎదురుగా స్వెట్టరూ మంకీక్యాపూ వేసుకున్న ఒక పెద్దమనిషి చేతిలో వెదురు కర్రతో నడిచి వస్తున్నారు. వీధికుక్కల భయంతో ఉదయపు నడకకు కర్ర తెచ్చుకునేవాళ్ళు మా కాలనీలో చాలామందే ఉన్నారు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. పది అడుగుల దూరంలో ఆయన ఆగి, కర్రను నేలకేసి రెండుసార్లు కొట్టి, "ఏయ్, పో" అని గట్టిగా అరిచారు. మిరియం ఒళ్ళంతా బిగబట్టి గుర్రుమంది. అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, లీష్ బిగించి లాగి, నోరు ముయ్యమని దాన్నే కసిరాను. పరాయి మనిషి ముందు మర్యాద పోతుందన్న బెంగ తప్ప ఆ క్షణంలో నాకు వేరే ఆలోచన లేదు. ఆయన రెండడుగులు ముందుకు వేసి, దాని వెనక కాలి మీద ఒక్క దెబ్బ వేసి, "కుక్కల్ని రోడ్ల మీదికి ఎందుకు తెస్తరమ్మా" అని నన్నే అడిగి వెళ్ళిపోయారు.

ఎముక విరగలేదు, కానీ మూడు వారాలు కుంటింది. నాకు ఎక్కువ కాలం గుచ్చుకున్నది ఆ దెబ్బ కాదు. పారిపోవడానికి వీల్లేకుండా పట్టి నిలబెట్టింది నేను, కొట్టింది ఆయన. కాలు చూసిన పశువైద్యురాలు ఈ సంగతి విని, గుర్రుమనడం అది నాకు చెప్పే మాట అనీ, ఆ మాటకు తిట్లు తింటే రేపు మాట చెప్పకుండానే కరుస్తుందనీ అన్నారు.

కుక్కను ఎందుకు పెంచుతున్నారని అడిగితే కాపలాకని చెప్పడం మనకు అలవాటు. గేటు లోపల ఉన్నంతసేపూ ఆ మాట నిజమే కావచ్చు. గేటు దాటి లీష్ తగిలించుకున్న కుక్క మాత్రం రెండు విధాలా చేతులు కట్టేసిన ప్రాణి. పారిపోవడం దానికి కుదరదు, ఎందుకంటే లీష్ కొస నా చేతిలో ఉంది. తిరగబడకూడదు, ఎందుకంటే బెదిరించినవాడు ఎవరైనా, చివరికి కరిచిన కుక్క అన్న పేరే మిగులుతుంది. పెంపుడు జంతువును అజాగ్రత్తగా వదిలి మనుషులకు హాని కలగనిచ్చిన యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ చెబుతోంది. వీధి వేసే శిక్ష దానికంటే పెద్దది, అది కుక్కకే పడుతుంది. కాబట్టి రోడ్డు మీద కాపలా ఉద్యోగం నాది. ఇది అర్థం కావడానికి నాకు ఒక ఎక్స్‌రే అవసరమైంది.

ఆ కర్ర ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియనిది కాదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఆహారం అందించడానికి వెళ్ళిన ఒక యువకుడు, ఆ ఇంటి పెంపుడు కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. మరుసటి నెలలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపిన సీసీ కెమెరా దృశ్యాలు ఈ నగరంలో ప్రతి ఫోనులోకీ వచ్చాయి. ఆ దృశ్యం చూసినవాళ్ళకు మిరియం మెడలో ఉన్న బెల్టు కనిపించదు, దాని పళ్ళే కనిపిస్తాయి. ఇటువైపు చూస్తే, 2024 మే నెలలో రహ్మత్‌నగర్‌లో ఒక పెంపుడు హస్కీ విషయంలో మొదలైన గొడవ, కుక్కనూ దాని యజమాని కుటుంబాన్నీ నడివీధిలో కర్రలతో కొట్టేదాకా వెళ్ళింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెల 22న దాన్ని సవరించింది. ఆ సవరణ మా సందుదాకా రాలేదు. టీకాలు వేయించి బెల్టు కట్టిన మా కుక్కను చూపించి, "సుప్రీంకోర్టే తీసేయమంది కదా" అని నన్ను నిలదీసినవాళ్ళు ఇద్దరు ఉన్నారు. వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేకపోవడం మంచిదే అయింది, ఎందుకంటే నేను వాదిస్తున్నంతసేపూ మిరియం ఆ మనుషుల కాళ్ళ దగ్గరే నిలబడాలి.

బెదిరింపు మాటతో మొదలయ్యేలోపే కుక్కకు తెలిసిపోతుంది, మనకే తెలియదు. తినేది ఏమీ లేకుండా మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల పక్కకు తిప్పి కళ్ళ తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, తోక పొట్ట కిందికి వెళ్ళడం, లేదా తోక నిటారుగా లేచి కదలకుండా ఉండిపోవడం, ఇవన్నీ గుర్రుమనడానికి ముందు వచ్చేవి. తోక ఊపుతోందంటే సంతోషమే అనుకునేవాణ్ణి ఎవరినైనా నేను ఇప్పుడు వెంటనే నమ్మను, ఎందుకంటే బిగుసుకున్న ఒంటితో, ఎత్తి పట్టిన తోకను చిన్నగా ఊపే కుక్క భయంతోనో కోపంతోనో కూడా ఊపుతుంది. మిరియం విషయంలో మొదటి గుర్తు చెవులు. అవి తలకు అతుక్కుపోయాయంటే నేను ముందుకు చూడాలి.

చూశాక ఏం చేయాలన్నదే అసలు సంగతి. వెనక్కి తిరగడం మేము రెండు నెలలు సాధన చేశాం. మొదట ఇంటి వరండాలో, తర్వాత మేడ మీద, తర్వాత ఖాళీ సందులో, ఏ ప్రమాదమూ లేనప్పుడు ఒక మాట చెప్పడం, తిరగడం, నాతో పాటు తిరిగిన కుక్కకు ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వడం, ఇంతే పని. ఆ మాటగా "పద", "రా" వంటివి పెట్టుకుంటే రోజూ వందసార్లు వాడి అరగదీస్తాం కాబట్టి, వీధిలో మరెవరూ అనని మాట కావాలని నేను "అప్పడం" ఎంచుకున్నాను. అరుస్తున్న మనిషి ఎదుట నిలబడి "అప్పడం" అంటే ఆయన కూడా ఒక్క క్షణం ఆగిపోతాడన్నది నేను ముందుగా ఊహించని లాభం. ఆ క్షణంలో మేము తిరిగి నాలుగడుగులు వేసి ఉంటాం. ఈ సాధన ప్రమాదం వచ్చిన రోజున మొదలుపెడితే పనిచేయదు, ఎందుకంటే భయపడిన కుక్క ముక్కుకు చికెన్ వాసన కూడా ఎక్కదు.

తిరగడానికి చోటు లేకపోతే మధ్యలోకి వెళ్ళాలి. కుక్కను వెనక్కి లాగడం కాదు, నేనే దాని ముందుకు అడుగు వేసి, అది నా మోకాళ్ళ వెనక ఉండేలా నిలబడటం. లీష్ బిగిస్తే నా చేతి భయం దాని మెడకు చేరుతుందని ఆలస్యంగా తెలుసుకున్నాను కాబట్టి, పొట్టిగా పట్టుకుంటాను కానీ కొంచెం వదులు ఉంచుతాను. మెడబెల్టు బదులు ఛాతీకి తొడిగే హార్నెస్, ఐదారడుగుల మామూలు లీష్ వాడుతున్నాను. మీట నొక్కితే పదిహేను అడుగులు సాగే రకం లీష్ మైదానంలో బాగుంటుందేమో కానీ, కుక్క ఒక గోడ దగ్గరా నేను మరో గోడ దగ్గరా ఉండే మా సందులో అది ప్రమాదమే. ఖాళీ చేతిని అరచేయి కనిపించేలా ముందుకు చాపి, "అన్నా, దీనికి ఒంట్లో బాగాలేదు, దగ్గరికి రాకండి" అంటాను. ఇది అబద్ధమని నాకు తెలుసు. "మా కుక్క మంచిది, ఏమీ చేయదు" అన్న మాట బెదిరించేవాడికి ధైర్యం ఇస్తుందనీ, జబ్బు మాట అందరినీ రెండడుగులు వెనక్కి వేయిస్తుందనీ అనుభవంలో తెలిశాక, ఆ అబద్ధం గురించి నాకు పశ్చాత్తాపం లేదు. తాగి ఉన్న మనిషితో మాత్రం ఈ మాట కూడా వద్దు. అక్కడ దారి మార్చడం ఒక్కటే పని, దగ్గరలో వెలుతురూ మనుషులూ కెమెరా ఉన్న మందుల దుకాణమో పాల బూతో ఉంటే అటు నడవడం, అవసరమైతే 112కు ఫోన్ చేయడం.

అందరూ కర్రతోనే రారు. దీపావళికి వారం ముందు నుంచీ కాళ్ళ కింద ఉల్లిపాయ బాంబు వేసి కుక్క గెంతడం చూసే పిల్లలు ఉంటారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. పేరు అడిగితే, ఏ ఇంటి పిల్లలని అడిగితే చాలావరకు ఆగిపోతారు, పేరు చెప్పిన పిల్లవాడికి రాయి విసరడం కష్టం. పక్కనుంచి బైకు ఎక్సలేటర్ రైజ్ చేసి నవ్వే కుర్రాళ్ళు ఆగరు కాబట్టి వాళ్ళకు మాకూ మధ్య ఆగి ఉన్న ఆటోనో చెట్టునో పెట్టుకుంటాను. మరో రకం వాళ్ళది బెదిరింపు కాదు, భక్తి. మిరియం నలుపు కావడం వల్ల, శని దోషం పోవాలనో కాలభైరవుడికి మొక్కుకునో, నూనె రాసిన రొట్టె పట్టుకుని నా అనుమతి లేకుండానే దాని మూతి దగ్గరికి వంగే వాళ్ళు శనివారాల్లో కనీసం ఒకరుంటారు. మంచి మనసుతోనే పెడతారు, కానీ ముఖం మీదికి వంగే కొత్త మనిషి అంటే కుక్కకు భయమే. "నా చేతికి ఇవ్వండమ్మా, నేను పెడతాను" అంటే ఎవరూ కాదనలేదు.

రద్దీలోకి, పశువుల ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మూతికి చిక్కం కడతాను. నూర్పిళ్ళప్పుడు ఎద్దుల మూతికి కట్టే చిక్కం లాంటిదే, ప్లాస్టిక్ బుట్ట ఆకారంలో ఉంటుంది, లోపల నోరు తెరిచి రొప్పడానికీ నీళ్ళు తాగడానికీ వీలుంటుంది. నోటిని బిగించి కట్టే గుడ్డ పట్టీలను మాత్రం మన ఎండల్లో నడకకు వాడకూడదు, ఎందుకంటే కుక్క ఒంటి వేడిని రొప్పుతూనే తగ్గించుకుంటుంది. చిక్కం లోపల పెరుగన్నం పెట్టి, మూతి తానుగా పెట్టేదాకా ఆగి, అలవాటు చేయడానికి మాకు రెండు వారాలు పట్టింది. మిరియం కరిచే కుక్క కాదు కదా అని మా అక్క బాధపడింది. కరిచిందని అబద్ధం చెప్పే అవకాశం కూడా ఎవరికీ ఇవ్వకూడదన్నదే నా లెక్క. వీధికుక్కలు గుంపుగా తిరిగే చోట మాత్రం చిక్కం కట్టను, అక్కడ దానికి నోరు కావాలి. (కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. మల్కాజిగిరి నుంచి అక్కడికి పోయిరావడానికి పట్టే సమయంలో మేము మా సందు పదిసార్లు తిరగొచ్చు.)

దెబ్బ పడిన తర్వాత చట్టం ఏమంటుందో కూడా చదివాను. పాత శిక్షాస్మృతిలో 428, 429 సెక్షన్లు జంతువు ఖరీదును బట్టి, పది రూపాయలూ యాభై రూపాయలూ అని గీత గీసేవి. మిరియాన్ని నేను వానలో తడుస్తున్న పిల్లగా డ్రైనేజీ మూత పక్కనుంచి తెచ్చుకున్నాను, దాని వెల ఎంతని రాయాలి? 2024 జూలై 1 నుంచి అమలవుతున్న న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఆ ఖరీదు లెక్క పోయింది. ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. కానీ అవిటితనం రాని దెబ్బ అంత దూరం పోదు, అది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందికి వస్తుంది, అందులో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నా ఎక్స్‌రే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఆ రోజు నేను ఫిర్యాదు చేయలేదు. జరిమానా చిన్నదని కాదు, నా దగ్గర ఫోటో గానీ, గాయం గురించి వైద్యురాలు రాసిచ్చిన కాగితం గానీ, సాక్షి గానీ లేవు. ఇప్పుడు టీకాల పుస్తకం, జీహెచ్‌ఎంసీ లైసెన్సు ఫోటోలు ఫోనులో ఉన్నాయి, సందు మొదట్లో ఎవరి ఇంటికి కెమెరా ఉందో తెలుసు. ఎవరైనా కరిచిందని అంటే ముందుగా చూపించాల్సినవీ ఇవే.

ఆ పెద్దమనిషి ఇప్పటికీ అదే కర్రతో నడుస్తారు. పోయిన బుధవారం ఆయన మలుపు తిరిగి నలభై అడుగుల దూరంలో కనిపించారు. మిరియం చెవులు తలకు అతుక్కున్నాయి. నేను ఇంకా నోరు తెరవలేదు, "అప్పడం" అననేలేదు, అది గుర్రుమనకుండా తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. ఇద్దరం తిరిగి నడిచాం. జేబు తడుముకుంటే చికెన్ ముక్కలు ఆ రోజు ఇంట్లోనే మరిచిపోయానని తెలిసింది. ఇంటికి వచ్చాక నా ఉడికించిన గుడ్డులో సగం పెట్టి ఆ బాకీ తీర్చాను.